మేడారం గుడారం మన మిషన్ మీదే!

పోయిన నెల పాత చీరల బొంతల గురించి రాసినప్పుడు, మాటల్లో మాటగా "మేము మేడారం జాతరకు తీసుకెళ్ళే గుడారం కూడా ఇంట్లో కుట్టుకున్నదే" అని ఒక్క ముక్క రాశాను. అంతే! బొంతల సంగతి అడిగినవాళ్ళకంటే గుడారం సంగతి అడిగినవాళ్ళే ఎక్కువ. "జాకెట్ కుట్టినంత తేలికా?" అని ఒకావిడ. "మా మిషన్ తొక్కుడు మిషన్, దాని మీద అవుతుందా?" అని ఇంకొకావిడ. అవుతుందమ్మా. నాదీ తొక్కుడు మిషనే, పెళ్ళికి మా నాన్న ఇచ్చింది. జాకెట్ కంటే తేలిక అనను గానీ, జాకెట్‌లా ఒంటికి అతికినట్టు కూర్చోవాలన్న బాధ లేదు. అన్నీ తిన్నటి కుట్లే. కాకపోతే పొడుగు ఎక్కువ.

అసలు ఇది ఎందుకు మొదలెట్టానో ముందు చెప్పాలి.

2018 జాతర. జనవరి 31 నుంచి ఫిబ్రవరి 3 దాకా జరిగింది. హన్మకొండ నుంచి మేము ఎనిమిది మందిమి వెళ్ళాం. అందరిలాగే నీలం టార్పాలిన్ పట్టా ఒకటి, నాలుగు వెదురు బొంగులు పట్టుకుపోయి, కోత అయిపోయిన పొలంలో గుడిసెలాగా కట్టుకున్నాం. మీలో వెళ్ళినవాళ్ళకు తెలుసు, ఆ నాలుగు రోజులూ తాడ్వాయి అడవి మధ్యన ఎటు చూసినా గుడారాలే. అన్నీ ఒకటే రంగు, ఒకటే వాటం. మొదటిరోజు కన్నెపల్లి నుంచి సారలమ్మ గద్దెకు వస్తుంది. రెండోరోజు సాయంత్రం చిలకలగుట్ట నుంచి సమ్మక్కను తీసుకొస్తారు. తుపాకులు గాల్లోకి పేల్చి తల్లికి స్వాగతం చెప్తారు. ఆ చప్పుడు వినగానే జనమంతా లేచి అటే కదిలారు. మా అత్తమ్మా కదిలింది. చేతిలో ఎదురు బంగారం. బంగారం అంటే బెల్లమే, కొత్తవాళ్ళ కోసం చెప్తున్నాను.

తిరిగి రాలేదు.

ఆమెకు చదువు రాదు. ఫోన్ నా సంచిలోనే ఉంది. మైకులో పేరు చెప్పించాం, నలుగురం నాలుగు దిక్కులకూ తిరిగాం. తెల్లారగట్ల మంచులో దొరికింది. మాకు రెండు వందల గజాల దూరంలో ఎవరో మంచిర్యాల వైపు వాళ్ళ పట్టా కింద, వాళ్ళ దుప్పటి కప్పుకుని కూర్చుని ఉంది. వాళ్ళు చాయ్ ఇచ్చారట, పుణ్యాత్ములు. నన్ను చూసి ఒక్కటే మాట అన్నది: "అన్నీ ఒక్కతీర్గనే ఉన్నయి బిడ్డా, మనది ఏదని ఎట్ల గుర్తుపట్టాలె?"

2020 జాతరకు ఆమె రానంది. "మళ్ళ తప్పిపోత" అని. ప్రతి రెండేళ్ళకూ తల్లిని చూడకుండా ఉండని మనిషి! ఆ మాట నాకు గుచ్చుకుంది. 2022 జాతరకు ముందు ఏడాది, దసరా అయ్యాక కూర్చుని ఈ గుడారం కుట్టాను. దూరం నుంచి చూస్తే మనదే అని తెలియాలి. ఆటోలో, బస్సులో వేసుకునేంత తేలికగా ఉండాలి. పొద్దున ఎండకు నీడ, రాత్రి మంచుకు కప్పు కావాలి. అన్నిటికీ మించి, జంపన్నవాగులో స్నానం చేసి వచ్చిన ఆడవాళ్ళు తడి చీర మార్చుకోవడానికి నాలుగు పక్కలా మరుగు ఉండాలి. ఇద్దరు దుప్పటి పట్టుకుంటే మూడో మనిషి మార్చుకోవడం, ఆ గాలికి దుప్పటి ఎగరడం మనకు తెలియనిదా!

బజార్లో మడతపెట్టే రెడీమేడ్ టెంట్లు దొరుకుతున్నాయి కదా అంటారేమో. చూశాను. బోర్లించిన గంపలాగా ఉంటాయి. లోపల నిలబడలేం, మధ్యాహ్నం కాసేపుంటే ఉడికిపోతాం. కొండలెక్కే కుర్రాళ్ళకు సరే, కుటుంబమంతా కూర్చుని అన్నం తినడానికి పనికిరావు. మనకు కావలసింది పైన కప్పు, చుట్టూ కావాలంటే దించుకునే తెర. పెళ్ళి షామియానాకు చిన్న చెల్లెలు అనుకోండి.

ఆకారం ఇలా అనుకున్నాను. చదరం, పక్కకు పది అడుగులు. మధ్యన ఒక పొడుగు రాట, నాలుగు మూలలా నాలుగు పొట్టి రాటలు. పైకప్పు నాలుగు త్రికోణాలు కలిసి గుడి గోపురంలా మధ్యకు ఎత్తుగా ఉంటుంది. మూల రాటలు ఐదు అడుగులు, మధ్య రాట ఎనిమిది అడుగుల తొమ్మిది అంగుళాలు. అంటే కప్పు అంచు నుంచి కొనకు మూడు అడుగుల తొమ్మిది అంగుళాలు ఎత్తు. ఈ లెక్క ఊరికే పెట్టలేదు. నా చదువు ఇంటర్‌తో ఆగింది గానీ, పైథాగరస్ సూత్రం మాత్రం ఎందుకో మరిచిపోలేదు. పదిలో సగం ఐదు అడుగులు, ఎత్తు మూడు ముప్పాతిక. అప్పుడు ఏటవాలు సరిగ్గా ఆరుంబావు అడుగులు వస్తుంది, అంటే డెబ్బై ఐదు అంగుళాలు. మూల నుంచి కొన దాకా కొలిస్తే ఎనిమిది అడుగులు. అన్నీ గుర్తుండే కొలతలు. ఇన్నేళ్ళకు ఆ సూత్రం వంటింట్లో పనికొచ్చిందని మా అమ్మాయితో అంటే నవ్వింది.

గుడ్డ కొనకముందు కాగితంతో బొమ్మ చేయండి. అడుగుకు అంగుళం చొప్పున. పాత క్యాలెండర్ అట్ట మీద పది అంగుళాల అడుగు, ఆరుంబావు అంగుళాల నిలువు ఉన్న త్రికోణాలు నాలుగు కత్తిరించి టేపుతో అతికిస్తే మీ గుడారం అరచేతిలో కూర్చుంటుంది. నేను దానికింద అగ్గిపుల్లలు మనుషుల్లా పడుకోబెట్టి చూశాను. ఆరుగురు హాయిగా, ఎనిమిది మంది సర్దుకుని పడుకోవచ్చు.

ఇక గుడ్డ. నూలు కాన్వాసు బరువు, తడిస్తే ఇంకా బరువు. మనకు కావలసింది గొడుగులకు, రెయిన్‌కోట్లకు వాడే పల్చటి గుడ్డ. పారాచూట్ గుడ్డ అని అడిగితే ఇస్తారు. బ్యాగులు, రెయిన్‌కోట్లు కుట్టేవాళ్ళకు సరుకు అమ్మే దుకాణాల్లో దొరుకుతుంది. నైలాన్‌దీ ఉంటుంది, పాలిస్టర్‌దీ ఉంటుంది. ఎండకు పాలిస్టర్ ఎక్కువకాలం ఓర్చుకుంటుంది, తడిస్తే నైలాన్ అంత సాగదు. నేను పాలిస్టరే తీసుకున్నాను. ఒకవైపు మైనం పూసినట్టు జారుగా ఉండాలి, అదే నీళ్ళను ఆపే పూత. దుకాణంలోనే పరీక్ష చేయండి: గుడ్డ నోటికి ఆనించి గట్టిగా ఊదండి, గాలి అవతలికి రాకూడదు. ఒక ముక్క తెచ్చుకుని గిన్నె మీద గుంటలా కట్టి, నీళ్ళు పోసి, రాత్రంతా ఉంచండి. పొద్దున గిన్నె పొడిగా ఉంటే కొనండి.

బరువు తెలుసుకునే ఉపాయం ఒకటి చెప్తాను. పది సెంటీమీటర్ల చదరం ముక్క కత్తిరించి మీకు తెలిసిన బంగారం కొట్లో తూకం వేయించండి. ముప్పాతిక గ్రాము లోపు తూగితే మంచిది. అంటే చదరపు మీటరుకు డెబ్బై, డెబ్బై ఐదు గ్రాములు. మా కొట్టాయన "ఇదేం నగ అమ్మా?" అన్నాడు. మేడారం నగ అన్నాను. మన కప్పు మొత్తం నూట ఇరవై ఐదు చదరపు అడుగులు, అంటే పదకొండున్నర చదరపు మీటర్ల పైచిలుకు. గుడ్డ బరువు ఎనిమిది తొమ్మిది వందల గ్రాములు దాటదు. అంతే కప్పు నూలు కాన్వాసుతో కుడితే నాలుగైదు కిలోలు ఉంటుంది.

రంగు పసుపు తీసుకున్నాను, ముదురు పసుపు. చుట్టూ జాలరుకు కుంకుమ ఎరుపు. అరవై అంగుళాల పన్నా పసుపు గుడ్డ ఎనిమిదిన్నర మీటర్లు, ఎరుపు ఒకటింబావు మీటరు. బ్యాగులకు వేసే అంగుళం వెడల్పు నైలాన్ పట్టీ పన్నెండు మీటర్లు. ఇనుప రింగులు నాలుగు. పాలిస్టర్ దారం పెద్ద కండె రెండు. నూలు దారం వద్దు, తడిసి తడిసి కుళ్ళిపోతుంది. గుడ్డా, పట్టీ, దారం, తాళ్ళు, రాటలు అన్నీ కలిపి 2021లో నాకు మూడు వేల లోపే అయింది.

ఇప్పుడు కత్తిరింపు. ఇక్కడే నేను పప్పులో కాలేశాను, మీరు వేయకండి. అరవై అంగుళాల పన్నాలో డెబ్బై ఏడు అంగుళాల పొడుగు ముక్కలు నాలుగు తీయాలి. (రెండు అంగుళాలు మడతకు, కుట్టుకు.) ఒక్కో ముక్కను మూల నుంచి మూలకు ఏటవాలుగా కోస్తే రెండు అరత్రికోణాలు వస్తాయి. అలాంటివి రెండు నిలువుగా కలిపితే ఒక పూర్తి త్రికోణం. ఎనిమిది అరలు, నాలుగు త్రికోణాలు. ఇంతవరకు తేలికే కదా? నేను నాలుగు ముక్కల్నీ ఒకే వాటంగా కోసేశాను. తీరా కలపబోతే ఒక అర మీద పూత లోపలికి, రెండో అర మీద పూత బయటికి! జాకెట్‌కు రెండు చేతులూ కుడిచేతివే కోసినట్టయింది. జాకెట్లు కుట్టేవాళ్ళందరం ఎప్పుడో ఒకసారి ఆ పని చేసే ఉంటాం. చేసేదిలేక నాలుగు మీటర్ల గుడ్డ మళ్ళీ కొన్నాను. వచ్చిన ఖర్చులో అదీ ఉంది. కాబట్టి పూత ఉన్న వైపు పైకి పెట్టి, రెండు ముక్కలను ఎడమ పైమూల నుంచి కుడి కింది మూలకు కోయండి. మిగతా రెండింటిని కుడి పైమూల నుంచి ఎడమ కింది మూలకు కోయండి. కోయకముందు నాలుగూ నేలమీద పక్కపక్కనే పరిచి సుద్దముక్కతో గీతలు గీసి, ఒకసారి దూరం నుంచి చూసి, అప్పుడు కత్తెర పట్టండి.

కోసిన అంచులు పోగులు ఊడుతుంటాయి. అగరుబత్తి వెలిగించి దాని నిప్పును అంచు వెంట తగిలీ తగలనట్టు నడిపిస్తే పోగులు కరిగి అతుక్కుంటాయి. కిటికీ పక్కన కూర్చుని చేయండి, ఆ పొగ పీల్చకూడదు. పిల్లలను దగ్గరికి రానీయకండి.

కుట్టడానికి పన్నెండు నెంబరు సూది చాలు, కొత్తది వేయండి. మొద్దు సూది ఈ గుడ్డను చించుతుంది. గుండుసూదులు గుచ్చకండి, గుచ్చిన ప్రతి కన్నం నుంచీ నీళ్ళు కారతాయి. బట్టలారేసే క్లిప్పులు పెట్టుకోండి. కుట్టు మరీ దగ్గరగా వద్దు. అంగుళానికి ఏడెనిమిది కుట్లు. దగ్గర దగ్గరగా కన్నాలు పడితే తపాలా బిళ్ళలు చింపుకునే గీతలా అక్కడే చిరిగిపోతుంది. గుడ్డ జారుతుంది కనుక ముందు చేత్తోనూ వెనక చేత్తోనూ సమంగా పట్టుకుని నడపాలి, కానీ లాగకూడదు. మొదట చిన్న ముక్కల మీద ఒక గంట అలవాటు చేసుకుంటే చేయి కుదురుతుంది.

కుట్టు ఏది వేయాలంటే, జీన్స్ ప్యాంటు కాలు పక్కన జంట కుట్టు చూశారు కదా, అది. రెండు అంచులూ కలిపి ఒక కుట్టు వేసి, ఒక అంచు పొట్టిగా కోసి, పొడుగు అంచును దానిమీదికి మడిచి, పక్కకు పడుకోబెట్టి రెండో కుట్టు. అప్పుడు అంచులన్నీ లోపల దాగుతాయి. మడత ఎప్పుడూ కిందివైపుకు, ఇంటి పెంకుల్లా. పైకి పెడితే నీళ్ళు అందులో నిలుస్తాయి. కుట్లకు పోగా మీ గుడారం పది అడుగులకు రెండంగుళాలు తగ్గుతుంది, కంగారు పడకండి.

ముందు అరలను జతచేసి నాలుగు త్రికోణాలు చేసుకోండి. తరువాత అడుగు అంచు కోత. దీన్ని తిన్నగా వదిలేస్తే రెండు మూలలూ ఎంత లాగినా అంచు మధ్యలో వదులుగా ఉండి గాలికి టపటపా కొట్టుకుంటుంది, రాత్రంతా నిద్ర పట్టదు. అందుకని మధ్యలో నాలుగు అంగుళాలు లోపలికి వంపు తీయాలి. ఆ వంపు చేత్తో గీయడానికి కుదరదు. గోడకు త్రికోణం తలకిందులుగా అంటించి, అడుగు అంచు రెండు చివర్లా మేకులు పెట్టి, సన్నటి గొలుసు ఒకటి వేలాడదీయండి. మెడలో గొలుసు ఎలా వంగుతుందో అలా వంగుతుంది. మధ్యలో నాలుగు అంగుళాలు దిగేదాకా సర్ది, దాని వెంట సుద్దతో గీసి కోయండి. మూలలు లాగగానే అంచు వీణ తీగలా బిగుసుకుంటుంది. ఈ ఒక్క వంపుతో గుడారం రూపే మారిపోతుంది. పెద్ద గుడారాలు కుట్టేవాళ్ళు కూడా ఇదే వంపు వాడతారు.

నాలుగు త్రికోణాలను కలిపే ఏటవాలు కుట్లు గుడ్డకు అడ్డంగా, క్రాస్‌గా వస్తాయి. క్రాస్ కట్ జాకెట్ ఎందుకు ఒంటికి సాగుతుందో మీకు తెలుసు. అక్కడ ఆ సాగుడు మంచిదే, ఇక్కడ మాత్రం కొంప ముంచుతుంది. ఒక్క రాత్రిలో కప్పు సంచిలా వేలాడుతుంది. అందుకే ఆ నైలాన్ పట్టీ. పదిహేడు అడుగుల పట్టీలు రెండు తీసుకుని, ఒక్కోటి ఒక మూల నుంచి కొన మీదుగా ఎదుటి మూల దాకా, ఏటవాలు కుట్టు మీదుగా రెండు అంచులా కుట్టేయండి. రెండు పట్టీలు కొన దగ్గర కూడికగుర్తులా దాటుతాయి. నవారు మంచం గుర్తు తెచ్చుకోండి. బరువంతా నవారు మోస్తుంది, పైన దుప్పటి ఊరికే పరిచి ఉంటుంది. ఇక్కడా రాట తోపు, తాడు లాగుడు అంతా పట్టీ మీదే పడుతుంది. గుడ్డకు పడేది గాలి మాత్రమే. పట్టీ చివర మూలలో రింగు దూర్చి వెనక్కి మడిచి, చదరంగా చుట్టూ కుట్టి, మధ్యలో గుణకారం గుర్తులా అడ్డంగా రెండు గీతలు కుడితే ఏనుగు లాగినా రాదు. కళ్ళు వేయించే పని పెట్టుకోకండి. ఇంత పల్చటి గుడ్డలో వేసిన ఇత్తడి కళ్ళు మొదటి గాలికే ఊడి వస్తాయి.

కొన దగ్గరకు వచ్చేసరికి మడతల మీద మడతలు పడి మిషన్ సూది విరుగుతుంది. నాకు మూడు విరిగాయి. నాలుగో సూదికి బుద్ధి వచ్చి, చివరి రెండు అంగుళాలు వదిలేసి, పైనొకటి కిందొకటి గుండ్రటి పసుపు ముక్కలు పెట్టి దబ్బనంతో చేత్తో కుట్టేశాను. లోపలివైపు పాత హవాయి చెప్పు అడుగు గుండ్రంగా కోసి పెట్టాను, రాట కొన అందులో ఆనుతుంది. చెప్పు ముక్క అమ్మవారి జాతరకా అని మా ఆడపడుచు ముఖం చిట్లించింది. ఇష్టం లేనివాళ్ళు సైకిల్ టైరు ముక్క వాడుకోండి.

ఎరుపు గుడ్డను ఐదున్నర అంగుళాల వెడల్పు పట్టీలు ఎనిమిది కోసి కలిపితే చుట్టూ జాలరు వస్తుంది. అందానికే కాదు, మంచు నీళ్ళు లోపలికి జారకుండా దీని మీదుగా బయటికి కారతాయి. కుట్ల మీద లోపలివైపు రబ్బరు గమ్ము పలచగా రాసి, ఆరాక అతుక్కోకుండా మీద పౌడరు చల్లాను. ముందు చిన్న ముక్క మీద రాసి చూసుకోండి, కొన్ని పూతల మీద గమ్ము పట్టదు.

తెరలకు కొత్త గుడ్డ కొనకండి. పాత పాలిస్టర్ చీరలు రెండు చాలు. రెండు చీరల పొడుగు ముప్పై ఆరు అడుగులు, గుడారం చుట్టుకొలత నలభైకి కొంచెం తక్కువ. మిగిలిన ఖాళీ తలుపు! ఇంత చక్కగా కుదురుతుందని నేనూ అనుకోలేదు. మూల రాటలకు చుట్టూ ఒక తాడు కట్టి, చీర అంచు మడిచి కుట్టిన సందులో ఆ తాడు దూర్చి వేలాడదీయాలి. కావలిస్తే పరదాలా పక్కకు నెట్టేయవచ్చు. తాడును కప్పు అంచుకు జానెడు కిందికి కట్టండి. ఆ జానెడు సందు వదలడం మరిచిపోవద్దు. నీళ్ళు దిగని గుడ్డ గాలినీ దిగనీయదు. ఎనిమిది మంది ఊపిరి ఆవిరి రాత్రి కప్పు లోపల చల్లబడి బొట్లుబొట్లుగా మీద పడుతుంది. కప్పు కారుతోందనుకుని కుట్లను తిట్టుకుంటాం. గాలి ఆడితే ఆ బాధ ఉండదు.

ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్తాను, కోప్పడకండి. దీని కింద పొయ్యి పెట్టకూడదు, గ్యాసైనా కట్టెలైనా. ఈ గుడ్డ అంటుకుంటే కాలడమే కాదు, కరిగి బొట్లుగా ఒంటిమీద పడుతుంది. వంట పదిహేను అడుగుల దూరంలో, గాలి వాలు చూసి పెట్టుకోండి. చలిగా ఉందని రాత్రి నిప్పుల కుంపటి లోపల పెట్టి తెరలు దించి పడుకోవడం అసలే వద్దు. బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, రంగు ఉండదు. నిద్రలోనే ప్రాణం పోతుంది. ఇంకో దుప్పటి మోసుకుపోండి.

రాటలకు అల్యూమినియం కిటికీలు చేసే దుకాణంలో అంగుళం పైపు కోయించాను. మధ్య రాట ముప్పై ఐదు అంగుళాల ముక్కలు మూడు, మూల రాటలు ముప్పై అంగుళాలవి రెండేసి. ఒకదాంట్లో ఒకటి దూరేలా లోపల సన్న పైపు ముక్క బిగించారు. మూల రాటల కొనలకు రింగు తగిలించే బోల్టు. వెదురు అయితే ఖర్చు తక్కువ, కానీ ఇంటి నుంచే తీసుకెళ్ళండి. మేడారం ఏటూరునాగారం అభయారణ్యంలో ఉంది, అక్కడ కొమ్మ కొట్టకూడదు.

నిలబెట్టడం ఇద్దరు ఆడవాళ్ళ పని, పావుగంట. కప్పు నేలమీద పరిచి, మూల నుంచి మూలకు తాడుతో కొలిచి రెండూ సమానంగా ఉన్నాయో లేదో చూడండి, అప్పుడే చదరం. మూల రాటలు నిలబెట్టి, ఒక్కో మూల నుంచి పది అడుగుల తాడు ఐదడుగుల దూరంలో మేకుకు కట్టండి. మేకు తల గుడారానికి అవతలి వైపు వాలి ఉండాలి. చివర మధ్య రాట లోపలి నుంచి పైకి తోస్తే కప్పు ఒక్కసారి పువ్వులా విచ్చుకుంటుంది. వాగు దగ్గర ఇసుకలో మేకులు నిలవవు. అక్కడ సంచుల్లో ఇసుక నింపి పాతి వాటికి కట్టాం. తాళ్ళకు ఎర్ర రిబ్బను ముక్కలు కట్టండి, చీకట్లో కాళ్ళకు అడ్డం పడతాయి. పెద్ద గాలిదుమారం వస్తే మాత్రం పంతానికి పోకుండా మధ్య రాట తీసి కప్పు దించేయండి.

కప్పు అంచు నా ఎత్తుకు సరిపోయింది. మావారు తల వంచి రావాలి. వంచనీయండి!

దోషాలూ చెప్పాలి కదా. పసుపు గుడ్డ పల్చన, మధ్యాహ్నం ఎండ దిగుతుంది. లోపల ఒక జానెడు కింద తెల్లటి పాత దుప్పటి నాలుగు మూలలా కట్టాక చల్లబడింది. రెండు కప్పుల మధ్య గాలి ఆడుతుంది. ఆ దుప్పటి కట్టకముందు ఆ వెలుగులో తెల్లన్నం కూడా పులిహోరలా కనిపించింది, మా పిల్లలు కలపకముందే తినేశారు. ఇక తడి గుడారం మడిచి సంచిలో కుక్కితే వారంలో బూజు వాసన వస్తుంది, పూత పెచ్చులూడుతుంది. ఇంటికొచ్చాక డాబా మీద నీడపట్టున రెండు పూటలు ఆరేసి, ఒకే మడత మీద కాకుండా ప్రతిసారీ వేరేగా చుట్టి పెట్టండి. ఇస్త్రీ పెట్టె చూపించకండి.

మొత్తం ఎంత తూగిందంటే, కప్పూ తెరలూ తాళ్ళూ మేకులూ కలిపి మూడు కిలోల లోపు. రాటలు వేరే కట్ట. కప్పు మడిచిపెడితే చిన్న దిండంత ఉంటుంది.

2022 ఫిబ్రవరి 16న అక్కడ నిలబెట్టాం. రెండు రోజులు అత్తమ్మ నా కొంగు వదల్లేదు. సమ్మక్క వచ్చిన సాయంత్రం మళ్ళీ ఆ తుపాకుల చప్పుడు, మళ్ళీ ఆ తోపులాట. గద్దెల దగ్గర నుంచి వస్తుంటే జనంలో చేతులు విడిపోయాయి. నా గుండె జారిపోయింది. పరుగున గుడారం దగ్గరకొస్తే ఆమె నాకంటే ముందే వచ్చి, చాప మీద కాళ్ళు చాపుకుని, పక్కవాళ్ళ పాపకు కొబ్బరి ముక్క తినిపిస్తోంది. "ఎటు పోయినవే? నేను దూరంకెల్లే చూసిన, పసుపు కుంకుమ తీర్గ కొట్టొచ్చినట్టు కనపడ్డది" అన్నది. మూడోరోజుకి ఆ చుట్టుపక్కల గుడారాల వాళ్ళు కూడా ఫోన్లలో "పసుపు గుడారం ఎడమ పక్కకు రా" అని తమవాళ్ళకు గుర్తు చెప్పుకోవడం విన్నాను.

2024 జాతరకు ఆమె మోకాళ్ళు సహకరించలేదు. ఇంట్లోనే మంచం మీద నుంచి, "గుడారం ఏసినంక ఫోన్ల చూపియ్యి" అన్నది. మా అమ్మాయి ఫోన్ పట్టుకుని చుట్టూ తిప్పి చూపించింది. గద్దెలు చూపిస్తుందనుకున్నాను, ఆమె ముందు గుడారమే చూపించమంది. కాసేపు చూసి, "పొద్దుపొడుపు దిక్కు జాలరు ఊసిపోయింది చూస్కో" అన్నది. వెళ్ళి చూస్తే నిజమే, రెండు జానల మేర కుట్టు విడిపోయి ఉంది. సూదీ దారం ఇంట్లో మరిచి వచ్చాను. పక్క గుడారం ఆవిడ దగ్గర పిన్నీసులు అడిగి పెట్టుకున్నాను. మీరు మాత్రం గుడారం సంచిలోనే ఒక సూదీ, పసుపు దారం ఒకటి, ఎరుపు దారం ఒకటి చుట్టి పెట్టుకోండి.